షౌట్, యెల్, స్క్రీమ్, ష్రీక్: ఇవన్నీ 'అరవడమే'నా?

హలో ఫ్రెండ్స్, నమస్తే! ఈ రోజు ఎపిసోడ్‌లో మనం అరుపుల గురించి మాట్లాడుకుందాం. మీరేం అరవక్కర్లేదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని హాయిగా వినండి చాలు.

ముందు ఒక సిట్యుయేషన్ ఊహించుకోండి. మీరు అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో చదువుకుంటున్నారు. రాత్రి పన్నెండు దాటింది. పక్క ఫ్లాట్‌లోంచి ఒక ఆడమనిషి గొంతు గట్టిగా వినిపిస్తోంది. భయమేసి ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేశారు. ఇప్పుడు ఏమని చెప్తారు?

'ఎ వుమన్ ఈజ్ షౌటింగ్' అన్నారనుకోండి, వినేవాళ్ల మనసులో ఒక గొడవ కనిపిస్తుంది. ఎవరో ఎవరితోనో కోపంగా మాట్లాడుతున్నారని అనుకుంటారు. అదే 'ఎ వుమన్ ఈజ్ స్క్రీమింగ్' అంటే బొమ్మే మారిపోతుంది. ఆమెకి దెబ్బ తగిలిందా, ఎవరైనా కొడుతున్నారా, ప్రాణం మీదికి వచ్చిందా అన్న ప్రశ్నలు వస్తాయి. తెలుగులో ఆ రెండింటికీ మనం 'అరుస్తోంది' అనేస్తాం. ఇంగ్లీష్‌లో మాత్రం ఆ ఒక్క మాట ఎంచుకోవడంలోనే విషయం అంతా ఉంది.

అందుకే ఈ మాటలని బట్టీ పట్టకుండా, ఏది ఎప్పుడు వాడాలో అర్థం చేసుకుందాం.

తెలుగులో మనకి ఈ తేడాలు తెలియవా?

బ్రహ్మాండంగా తెలుసు. ఎద్దు వేసేది రంకె. సింహానిది గర్జన, పులిది గాండ్రింపు, ఏనుగుది ఘీంకారం, నక్కది ఊళ. మనుషుల దగ్గరికొస్తే కేక, గావుకేక, పొలికేక, పెడబొబ్బ, ఆర్తనాదం, కేరింత. పాము కనబడితే 'కెవ్వున' అరుస్తాం. ఎవరైనా పోతే 'గొల్లుమని' ఏడుస్తాం. చూశారా, ఎన్ని ఉన్నాయో!

కాకపోతే రోజూ మాట్లాడేటప్పుడు 'అరిచాడు' అనే ఒక్క మాటతో పని కానిచ్చేస్తాం. ఆ అలవాటుతోనే ఇంగ్లీష్‌లోకి వెళ్లి అన్నిటికీ 'షౌట్' వాడేస్తాం. సమస్య అక్కడ మొదలవుతుంది.

మీకు మూడు ప్రశ్నలు ఇస్తాను. గట్టిగా వినిపించే ఏ గొంతుకైనా ఈ మూడూ వేసుకోండి. ఒకటి, ఆ అరుపులో మాటలు ఉన్నాయా, లేక ఉత్త శబ్దమేనా? రెండు, ఎందుకు అరుస్తున్నారు, కోపమా, భయమా, నొప్పా, సంతోషమా? మూడు, గొంతు సన్నగా పైకి వెళ్లిందా, బొంగురుగా లోపల్నుంచి వచ్చిందా? ఈ మూడిటికీ జవాబు దొరికితే మాట దానంతట అదే దొరుకుతుంది.

షౌట్: మాటలున్న అరుపు

షౌట్ అంటే గట్టిగా మాట్లాడటం. సాధారణంగా అందులో మాటలుంటాయి, మనిషి తన గొంతుని తన అదుపులోనే ఉంచుకుంటాడు. కోపం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. బస్ వెళ్లిపోతుంటే 'ఆగండీ!' అని అరవడం కూడా షౌటే. పొలంలో అవతలి గట్టు మీదున్న వాళ్లని పిలవడం కూడా షౌటే.

మరి కోపం ఉందో లేదో ఎలా తెలుస్తుంది? దాని తర్వాత వచ్చే చిన్న మాటలో తెలుస్తుంది. 'హీ షౌటెడ్ టు మీ' అంటే దూరంగా ఉన్న నాకు వినపడాలని గట్టిగా పిలిచాడు అని. 'హీ షౌటెడ్ అట్ మీ' అంటే నా మీద కోపంతో అరిచాడు అని. బంతి ఉదాహరణ చూడండి. 'త్రో ద బాల్ టు హిమ్' అంటే అతను పట్టుకునేలా వెయ్యి. 'త్రో ద బాల్ అట్ హిమ్' అంటే అతనికి తగిలేలా కొట్టు. మాట కూడా బంతి లాంటిదే. 'టు' అందిస్తుంది, 'అట్' తగిలిస్తుంది.

ఇక్కడ మనవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది: 'మై బాస్ షౌటెడ్ ఆన్ మీ'. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? మనం తెలుగులో 'నా మీద అరిచాడు' అంటాం కదా, ఆ 'మీద'ని పట్టుకెళ్లి 'ఆన్' చేసేస్తాం. ఇంగ్లీష్ వాళ్లకి అది వింతగా వినిపిస్తుంది. 'అట్' అనే చెప్పాలి.

షౌట్‌తో ఇంకో వాడుక, 'షౌట్ డౌన్'. అవతలి మనిషిని మాట్లాడనివ్వకుండా అరుపులతో నోరు మూయించడం. టీవీ డిబేట్లు చూసేవాళ్లకి దీనికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

యెల్: అదుపు కాస్త తప్పిన షౌట్

యెల్ కూడా షౌట్ లాంటిదే, కానీ కొంచెం పదును ఎక్కువ. కోపమో, ఉత్సాహమో, కంగారో ఎక్కువైనప్పుడు వచ్చేది. అమెరికాలో ఈ మాట బాగా వాడతారు. 'మై మామ్ యెల్డ్ అట్ మీ' అంటే మా అమ్మ తిట్టింది అన్నంత మామూలుగా వాడేస్తారు.

యెల్‌లో ఎప్పుడూ కోపమే ఉంటుందా అంటే, కాదు. టెక్సస్‌లోని టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో చీర్‌లీడర్లకి బదులు 'యెల్ లీడర్స్' ఉంటారు. ఆటలప్పుడు జనం చేత నినాదాలు పలికించడం వాళ్ల పని. అక్కడ యెల్ అంటే ఉత్సాహం.

ఒక సరదా విషయం. యెల్ అనే మాటకీ, నైటింగేల్ అనే పాట పాడే పిట్ట పేరులోని చివరి ముక్కకీ పాత ఇంగ్లీష్‌లో చుట్టరికం ఉంది. ఒకే కుటుంబంలో ఒకరు అరుస్తారు, ఒకరు పాడతారు అన్నమాట. మన ఇళ్లల్లో లాగే!

పలకడంలో ఒక జాగ్రత్త. మన తెలుగువాళ్లకి 'ఎ'ని 'యె' అనడం అలవాటు. 'యెలిఫెంట్', 'యెగ్' అంటుంటాం. దాంతో 'ఎల్' అక్షరం, 'యెల్' అరుపు రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

స్క్రీమ్: కెవ్వుమన్న అరుపు

స్క్రీమ్ దగ్గర గొంతు అదుపు తప్పుతుంది. భయం, నొప్పి, విపరీతమైన సంతోషం, పట్టలేని కోపం, ఏదైనా కావచ్చు. చాలాసార్లు మాటలుండవు. ఉన్నా శబ్దమే ముందు వినపడుతుంది, మాట తర్వాత.

దీని వెనక సైన్స్ కూడా ఉంది. న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ పోపెల్, ఆయనతో పనిచేసిన పరిశోధకులు 2015లో మనుషుల స్క్రీమ్‌ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. మామూలు మాటల్లో గొంతు తీవ్రత సెకనుకి నాలుగైదు సార్లు పెరిగి తగ్గుతుంది. స్క్రీమ్‌లో ఆ మార్పు సెకనుకి 30 నుంచి 150 సార్ల దాకా ఉంటుంది. మన చెవికి అది గరుకుగా తగులుతుంది. ఆ గరుకుదనమే మెదడులో భయానికి సంబంధించిన భాగాన్ని తట్టి లేపుతుందని వాళ్లు చూపించారు. అలారం మోతల్లో కూడా అదే గరుకుదనం ఉంటుంది. అంటే స్క్రీమ్ అనేది ఉత్త పెద్ద శబ్దం కాదు, మనిషి గొంతులో ఉన్న అలారం అన్నమాట. ఇందాకటి ఎమర్జెన్సీ కాల్‌లో ఆ మాట ఎందుకంత బరువైనదో ఇప్పుడు అర్థమైందా?

సినిమా పిచ్చి ఉన్నవాళ్ల కోసం ఒకటి. హాలీవుడ్‌లో 'విల్‌హెల్మ్ స్క్రీమ్' అని ఒక అరుపు ఉంది. 1951 నాటి 'డిస్టెంట్ డ్రమ్స్' సినిమాలో మొసలికి చిక్కిన మనిషి కోసం వాడిన అరుపు. 1953లో ఇంకో సినిమాలో విల్‌హెల్మ్ అనే సైనికుడి పాత్రకి బాణం తగిలినప్పుడు మళ్లీ వాడారు. తర్వాత 1977లో 'స్టార్ వార్స్'కి సౌండ్ చేసిన బెన్ బర్ట్ దాన్ని వెతికి పట్టుకుని, ఆ పేరు పెట్టి వాడాడు. అప్పట్నుంచి వందల సినిమాల్లో అదే అరుపు! దాన్ని 'విల్‌హెల్మ్ షౌట్' అనలేదు చూడండి. మాటలు లేవు, నొప్పి ఉంది. కాబట్టి స్క్రీమ్.

ఎడ్వర్డ్ మంక్ అనే నార్వే చిత్రకారుడు 1893లో వేసిన 'ద స్క్రీమ్' బొమ్మ మీ ఫోన్‌లోనే ఉంది. రెండు చేతులూ చెంపలకి ఆనించి నోరు తెరిచిన ఎమోజీ ఆ బొమ్మనే గుర్తుకు తెస్తుంది. కానీ ఆ బొమ్మలో మనిషి అరుస్తున్నాడని చాలామంది అనుకుంటారు. ప్రకృతిలోంచి ఒక పెద్ద అరుపు వచ్చినట్టు తనకి అనిపించిందని మంక్ రాసుకున్నాడు. అందుకే ఆ మనిషి ఆ అరుపు వినలేక చెవులు మూసుకుంటున్నాడని కళా పండితులు చెప్తారు.

ష్రీక్, స్క్రీచ్, స్క్వీల్: సన్నగా పైకి వెళ్లేవి

ష్రీక్ అంటే స్క్రీమ్ కంటే సన్నగా, చురుగ్గా, ఒక్కసారిగా వచ్చేది. బొద్దింక కాలి మీద పాకితే వచ్చేది ష్రీక్. చాలాసార్లు చిన్నదిగా వచ్చి ఆగిపోతుంది. 'ష్రీక్ ఆఫ్ లాఫ్టర్' అంటే ఒక్కసారిగా కీచుమని వచ్చే నవ్వు. పలకడం మనకి తేలిక. 'శ్రీ' అనడం వచ్చినవాళ్లకి ఇది రాకుండా ఎలా ఉంటుంది!

స్క్రీచ్ అంటే చెవికి బాధ కలిగించే కీచు శబ్దం. కారు బ్రేకులు స్క్రీచ్ అంటాయి, కొన్ని గుడ్లగూబలు స్క్రీచ్ అంటాయి. మనిషి గొంతుకి ఈ మాట వాడితే అది మెచ్చుకోలు కాదు, ఎవరి గురించైనా అనేముందు ఆలోచించండి.

స్క్వీల్ పంది పిల్లల శబ్దం. కానీ చిన్నపిల్లలు సంతోషంతో కీచుకీచుమంటే 'స్క్వీల్డ్ విత్ డిలైట్' అంటారు. మన కేరింతలు అన్నమాట. అది ముద్దుగానే ఉంటుంది.

రోర్, బెలో, హౌల్: జంతువుల దగ్గర తీసుకున్నవి

రోర్ సింహానిది. కానీ స్టేడియంలో సిక్స్ పడగానే ఒక్కసారిగా లేచే జనం హోరుకి కూడా రోర్ అనే అంటారు. సముద్రం రోర్, ఇంజన్ రోర్. 'రోర్డ్ విత్ లాఫ్టర్' అంటే పగలబడి నవ్వారు అని.

బెలో ఎద్దుది. మనకి దీనికి అచ్చంగా సరిపోయే మాట ఉంది: రంకె. కడుపులోంచి లావు గొంతుతో వచ్చే అరుపు. పరేడ్ గ్రౌండ్‌లో ఆర్డర్లు వేసే ఆఫీసర్ బెలో చేస్తాడు. చిన్నపిల్ల ష్రీక్ చేస్తుంది కానీ బెలో చెయ్యదు. మూడో ప్రశ్న, అంటే గొంతు సన్నమా లావా అన్నది, ఇక్కడ పనికొస్తుంది.

హౌల్ అంటే ఊళ. తోడేలుది, కుక్కది, తుఫాను గాలిది. మనిషికి వాడితే సాగదీసిన నొప్పి, దుఃఖం. నవ్వుకి కూడా వాడతారు. బ్రిటన్‌లో 'హౌలర్' అంటే నవ్వు తెప్పించే ఘోరమైన తప్పు. మన హైదరాబాద్ 'హౌలా'కీ దీనికీ సంబంధం లేదు గానీ, ఇలా గుర్తుపెట్టుకుంటే మర్చిపోరు.

క్రై: ఏడుపు ఒక్కటే కాదు

పాత ఇంగ్లీష్ కథలు చదివేటప్పుడు చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 'హెల్ప్! హీ క్రైడ్' అని ఉంటే, 'పాపం, ఏడ్చాడు' అనుకుంటారు. ఏడవలేదు, కేక వేశాడు. ఫ్రెంచ్ నుంచి వచ్చిన ఈ మాటకి మొదటి అర్థం కేకే. ఏడుపు అనే అర్థం తర్వాత చేరింది. ఇప్పుడు మాట్లాడేటప్పుడు మాత్రం క్రై అంటే ఎక్కువగా ఏడుపే. కేక అనే అర్థం కథల్లోనూ, కొన్ని పడికట్టు మాటల్లోనూ మిగిలింది.

ఆ పడికట్టు మాటలు చూద్దాం. 'టౌన్ క్రయర్' అంటే ఊళ్లో దండోరా వేసేవాడు. వాడు ఏడవడు! 'ఔట్‌క్రై' అంటే జనంలోంచి వచ్చే నిరసన. 'క్రై వుల్ఫ్' అంటే మన 'నాన్నా పులి' కథే. వాళ్ల కథలో తోడేలు, మన దగ్గరికి వచ్చేసరికి పులి.

'హ్యూ అండ్ క్రై' అనే మాట మన పోలీసుల దగ్గర ఇప్పటికీ ఉంది. తప్పిపోయినవాళ్ల కోసమో, పరారీలో ఉన్నవాళ్ల కోసమో 'హ్యూ అండ్ క్రై నోటీస్' ఇస్తారు. దీని మూలం ఇంగ్లండ్‌లో ఉంది. 1285 నాటి వించెస్టర్ శాసనం ప్రకారం, నేరం జరిగినప్పుడు కేక వినపడితే ఆ చుట్టుపక్కల జనం అందరూ కదిలి దొంగని తరమాలి. వినీ విననట్టు ఊరుకోవడం కుదరదు. కేక వెయ్యడం ఒక హక్కు, విన్నవాళ్లు పరిగెత్తుకు రావడం ఒక బాధ్యత. ఏడు వందల ఏళ్లు దాటినా ఆలోచించాల్సిన విషయమే కదా!

క్రై పక్కనే 'వెయిల్' ఉంది. చావు ఇంట్లో గొల్లుమని, శోకాలు తీస్తూ ఏడవడం వెయిల్. అంబులెన్స్ సైరన్ మోతకి కూడా ఇదే వాడతారు.

మన ఫోన్‌లో ఉన్న అరుపులు

ఎపిసోడ్ మొదట్లో 'హలో' అన్నాను కదా. అదీ ఒక అరుపే! దూరంగా ఉన్నవాళ్ల దృష్టి మన వైపు తిప్పుకోవడానికి ఇంగ్లీష్ వాళ్లు వేసే 'హల్లో', 'హొల్లో' కేకల్లోంచి వచ్చింది. అమెరికాలో వాడే 'హాలర్' కూడా ఆ కుటుంబమే. టెలిఫోన్ వచ్చిన కొత్తలో గ్రహంబెల్ 'అహోయ్' అనాలన్నాడు. 1877లో థామస్ ఎడిసన్ ఒక ఉత్తరంలో 'హలో' సరిపోతుందని రాశాడు. ఎడిసన్ మాటే నిలబడింది. రోజుకి ఎన్నిసార్లు మనం ఆ పాత కేక వేస్తున్నామో లెక్కపెట్టుకోండి.

చాట్‌లో అన్నీ పెద్ద అక్షరాలతో టైప్ చేస్తే ఇంగ్లీష్ వాళ్ల లెక్కలో మీరు షౌట్ చేస్తున్నట్టే. మీరు మామూలుగా క్యాప్స్ లాక్ మర్చిపోయి ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టినా, ఆయనకి మాత్రం అరిచినట్టే అనిపించవచ్చు.

'షౌట్‌ఔట్' అంటే నలుగురిలో ఒకరి పేరు చెప్పి మెచ్చుకోవడం. 'గివ్ మీ ఎ షౌట్' అంటే ఏదైనా కావాలంటే నాకో మాట చెప్పు అని. కామెంట్లలో 'ఐయామ్ స్క్రీమింగ్' అని కనబడితే కంగారు పడకండి, నవ్వలేక చస్తున్నా అని అర్థం.

ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. కాఫీ షాప్‌లో ఫ్రెండ్ 'ఇట్స్ మై షౌట్' అంటే అరుస్తానని కాదు, బిల్లు నేను కడతానని. తర్వాతిసారి షౌట్ మీదే. ఎప్పుడూ తన వంతు రాకుండా తప్పించుకునేవాణ్ణి అక్కడ పిసినారి లెక్కలో వేస్తారు.

ఆఫీసులో ఫిర్యాదు రాసేటప్పుడు

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ఉద్యోగంలో ఎవరైనా మీతో అవమానకరంగా ప్రవర్తించారు. హెచ్‌ఆర్‌కి మెయిల్ రాయాలి. అక్కడ మెట్లు ఇలా ఉంటాయి.

'హీ రెయిజ్డ్ హిజ్ వాయిస్' అంటే గొంతు పెంచాడు. 'హీ షౌటెడ్ అట్ మీ' అంటే కోపంతో అరిచాడు. 'హీ స్క్రీమ్డ్ అట్ మీ' అంటే ఒళ్లు తెలియకుండా ఊగిపోతూ అరిచాడు. గొంతు పెంచినదాన్ని స్క్రీమ్ అని రాస్తే, అక్కడున్నవాళ్లని అడిగినప్పుడు 'అంత లేదు' అంటారు. దాంతో మీరు చెప్పిన మిగతా నిజాలు కూడా తేలిపోతాయి. అలాగే భయంతోనో మొహమాటంతోనో, నిజంగా స్క్రీమ్ చేసినదాన్ని 'స్పోక్ లౌడ్లీ' అని తగ్గించి రాస్తే, జరిగిన అన్యాయం చిన్నదైపోతుంది. జరిగింది ఎంతో అంతే రాయండి. ఏ రోజు, ఎవరి ముందు, ఏ మాట అన్నాడో కూడా రాయండి. సరైన మాట వాడటం కూడా మనల్ని మనం కాపాడుకోవడమే.

పలికే తీరు, చిన్న ప్రాక్టీస్

జరిగిపోయినదాని గురించి చెప్పేటప్పుడు చివర్లో వచ్చే శబ్దం చూసుకోండి. షౌట్ అయితే 'షౌటిడ్', రెండు ముక్కలుగా. యెల్డ్, స్క్రీమ్డ్, హౌల్డ్, రోర్డ్ అన్నీ 'డ్'తో. ష్రీక్, స్క్రీచ్ మాత్రం 'ట్'తో: ష్రీక్ట్, స్క్రీచ్ట్.

ఇప్పుడు మీ వంతు. ఈ అయిదిటికీ మాట వెతకండి. ఒకటి, రైలు కదులుతుంటే ప్లాట్‌ఫామ్ మీద నుంచి నాన్న 'చేరాక ఫోన్ చెయ్యి' అని గట్టిగా చెప్పడం. రెండు, చీకట్లో ఎవరో భుజం మీద చెయ్యి వేస్తే వచ్చే చిన్న కీచు అరుపు. మూడు, మ్యాచ్ గెలిచిన క్షణంలో స్టేడియం. నాలుగు, మెషీన్‌లో వేలు ఇరుక్కున్న మనిషి గొంతు. అయిదు, రాత్రి వీధి చివర కుక్క.

జవాబులు: షౌట్ టు, ష్రీక్, రోర్, స్క్రీమ్, హౌల్.

మొదటిదానికి 'షౌట్ అట్' అని రాసినవాళ్లు ఒకసారి వెనక్కి వెళ్లి బంతి ఉదాహరణ మళ్లీ వినండి. నాన్న అక్కడ తిట్టట్లేదు. మాట అందిస్తున్నారు, అంతే.

మీ ఊళ్లో వాడే అరుపు మాటలు, మీ అమ్మమ్మ నోట విన్నవి, కింద రాయండి. వాటికి ఇంగ్లీష్‌లో ఏది సరిపోతుందో ఇంకో ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను మరి!